మసక సూపర్‌నోవా మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు: నా అనుభవం

2025 మే 9న నా ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చివరి సెమిస్టర్ ప్రాజెక్టు వైవా ముగిసింది. టెలిస్కోపు లేని విభాగంలో చదువుతూ, అనంతపురంలో హాస్టల్ గదిలో కూర్చుని, 2020లో కనిపించిన ఒక మసక సూపర్‌నోవా (పేలిన నక్షత్రం) వెలుగును ఎవరో ఎక్కడో తీసిన చిత్రాల కొలతల నుంచి లెక్కగట్టి, అంత నీరసంగా పేలినది అన్నాళ్ళు ఎలా వెలిగిందో చెప్పడం నా పని. జూనియర్లు కొందరు "అక్కా, ఎట్ల చేసినావు, ఎంత ఖర్చయింది, ఎన్ని నెలలు పట్టింది" అని అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్లు వరుసలో రాస్తున్నాను. సూపర్‌నోవా అంటే ఏమిటన్న పాఠం ఇందులో ఉండదు. అది పుస్తకాల్లో దొరుకుతుంది.

మా వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు అంటే ఎక్కువగా గాజు నమూనాలు, పలుచని పొరలు, ఫాస్ఫర్ పొడులు. కొలిమి ఉంటుంది, పొడి నూరి కాల్చడం నేర్పే పరిశోధక విద్యార్థి ఉంటారు, ఎక్స్‌రే గ్రాఫు బయట తీయించుకొస్తే సగం పని అయిపోయినట్లే. 2024 డిసెంబరు రెండో వారంలో నేను మా గైడ్ సార్ గదికి వెళ్ళి నక్షత్రాల మీద చేస్తానని అడిగితే ఆయన కాదనలేదు గానీ, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "డేటా నువ్వే తెచ్చుకోవల్ల, లెక్క నువ్వే చేయల్ల. నాకు వచ్చిన అనుమానాలు మాత్రం నేను అడుగుతా. మార్చి ఆఖరికి ఒక్క గ్రాఫన్నా చూపకపోతే గాజుకు మారిపోవల్ల, సరేనా?" అన్నారు. సరే సార్ అని బయటికి వచ్చాక గానీ, నాకు డేటా ఎక్కడ దొరుకుతుందో కూడా తెలియదన్న సంగతి తలకెక్కలేదు.

మొదట నేను ఆశపడింది ఐపీటీఎఫ్14హెచ్ఎల్ఎస్ అనే సూపర్‌నోవా మీద. 2014 సెప్టెంబరులో కనిపించి, వంద రోజుల పైచిలుకులో చల్లారవలసింది ఆరువందల రోజులకు పైగా వెలుగుతూ, మధ్యలో కనీసం ఐదుసార్లు పెరుగుతూ తగ్గుతూ పోయిన వింత అది. సార్ దాని మీద వచ్చిన వ్యాసాలు ఒక సాయంత్రం తిరగేసి, "ఇంధనం మాగ్నెటార్ (విపరీతమైన అయస్కాంత బలమున్న న్యూట్రాన్ తార) అనేవాళ్ళున్నారు, చుట్టూ ఉన్న వాయువును ఢీకొట్టడం అనేవాళ్ళున్నారు, వెనక్కి పడే పదార్థం అనేవాళ్ళూ ఉన్నారు. ఇంతమంది తేల్చనిది నాలుగు నెలల్లో నువ్వేం తేలుస్తావు? కూడికలు, గుణకారాలతో ఒక సంఖ్య వచ్చేది చూసుకో" అన్నారు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినబుద్ధి కాలేదు. అయితే ఆయన మాటలో న్యాయం ఉంది: ఎక్కువ కాలం వెలిగే సూపర్‌నోవాల్లో ప్రబలమైనవాటి మీద వాదాలు తెగవు, నీరసమైనవాటి మీద కనీసం లెక్క కుదురుతుంది.

అలా వెదుకుతూ వెదుకుతూ ఎస్ఎన్ 2020సీఎక్స్‌డీ దగ్గర ఆగాను. కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ మీది 48 అంగుళాల టెలిస్కోపుతో నడిచే జ్వికీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ 2020 ఫిబ్రవరి 19న దీన్ని పట్టుకుంది. ఉన్నది ఎన్‌జీసీ 6395 అనే గెలాక్సీలో, సుమారు 22 మెగాపార్సెక్‌ల దూరాన, అంటే ఏడు కోట్ల కాంతి సంవత్సరాలకు పైమాటే. హైడ్రోజన్ పుష్కలంగా ఉన్న టైప్ టూ-పీ రకం. ఈ రకంలో మామూలువి నిరపేక్ష మాగ్నిట్యూడ్ (దూరంతో పనిలేని అసలు వెలుగు కొలత, అంకె ఎంత మైనస్ అయితే వెలుగు అంత ఎక్కువ) మైనస్ 16, మైనస్ 17 దాకా వెళతాయి. ఇది మైనస్ 14 దరిదాపుల్లోనే ఉండిపోయింది. వెలుగులో చెప్పాలంటే సుమారు పదో వంతు. అంత మసకగా ఉండి కూడా దాదాపు 118 రోజులు ఒకే మట్టంలో నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా కిందికి జారింది. తేదీలు లెక్కవేస్తే ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య వరకు. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఉరవకొండలో ఇంట్లో ఉన్నాను. మనుషులు బయటికి రాని ఆ నెలల్లో కూడా రోబోటిక్ టెలిస్కోపులు ఆకాశాన్ని తీస్తూనే ఉండటం వల్ల నాకు ప్రాజెక్టు దొరికింది.

జనవరి 6న టైటిల్ ఫారం ఇచ్చాను. దానిలో "ఉపయోగించు పరికరములు" అనే గడి ఒకటుంది. ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలితే ఆఫీసులో ఫారం వెనక్కి పంపారు. "కంప్యూటరు" అని రాసి మళ్ళీ ఇచ్చాను. ఆమోదం సంక్రాంతి సెలవుల తర్వాత గానీ రాలేదు.

డేటా విషయంలో మాత్రం ఊహించినంత కష్టం లేదు, ఇదే నాకు మొదటి ఆశ్చర్యం. హవాయి దీవుల్లోని అట్లాస్ టెలిస్కోపులు భూమి వైపు వచ్చే గ్రహశకలాల కోసం ఆకాశాన్ని పదేపదే తీస్తుంటాయి. ఆ చిత్రాల్లో మనం చెప్పిన బిందువు దగ్గర వెలుగు ఎంతుందో కొలిచి ఇచ్చే సేవ ఒకటుంది. ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, సూపర్‌నోవా నిర్దేశాంకాలు, తేదీల అవధి టైపు చేస్తే చాలు, రూపాయి ఖర్చు లేదు. అభ్యర్థన పెట్టి మెస్సుకు వెళ్ళి వచ్చేసరికి ఫలితం సిద్ధంగా ఉంది. జ్వికీ వారి కొలతల సేవకు ఖాతా అడిగి తీసుకోవాలి; దానికి వారం పట్టింది, తర్వాత ఫైలు రావడానికి ఇంకొన్ని రోజులు. వర్ణపటాలు వైజ్‌రెప్ అనే భాండాగారంలో దొరికాయి. ఇవి తెలియక టెలిస్కోపు సమయం కోసం దరఖాస్తు పెట్టాలేమోనని నెల రోజులు భయపడ్డాను.

పండక్కి ఊరికి వెళ్ళినప్పుడు నాయన, "ఎప్పుడో ఆరిపోయిందాన్ని ఇప్పుడు కొలిచేదేంది పాపా?" అన్నాడు. ఆరిపోకముందు తీసిన చిత్రాలు ఉన్నాయని చెప్పాను. "మరి తీసినోళ్ళే కొలిచింటారు కదా" అన్నాడు. కొలిచారు, వ్యాసాలు కూడా రాశారు. నేను చేసేది స్వతంత్రంగా మళ్ళీ లెక్కవేసి సరిచూడటమని చెబితే, మార్కెట్ యార్డులో చెనిక్కాయల తూకం రెండోసారి వేయించే మనిషి కాబట్టి కాబోలు, మారు మాట్లాడలేదు.

అసలు కథ ఫైలు తెరిచాక మొదలైంది. గ్రాఫు రూపంలో ఏదో అందంగా వస్తుందనుకుంటే, వచ్చింది అంకెల వరుసలు: తేదీ, ఫిల్టరు, వెలుగు మైక్రోజాన్‌స్కీలనే ప్రమాణంలో, పక్కన దాని అనిశ్చితి. మార్చి, ఏప్రిల్ నెలల వరుసల్లో వెలుగు 300 దరిదాపుల్లో ఉంటే అనిశ్చితి 15, 20 మాత్రమే. చూడగానే సూపర్‌నోవా ఉందని తెలుస్తుంది. జూలైకి వచ్చేసరికి ఒకే రాత్రి తీసిన నాలుగు చిత్రాల్లో 27, మైనస్ 6, 33, 18 ఉన్నాయి, ప్రతిదానికీ అనిశ్చితి 16. వెలుగు మైనస్‌లో ఉండటమేమిటని తల బద్దలుకొట్టుకున్నాను. సంగతేమిటంటే, కొత్త చిత్రం నుంచి పాత చిత్రాన్ని తీసివేస్తే మిగిలేదే ఆ అంకె. సూపర్‌నోవా చాలా మసకగా ఉన్నప్పుడు ఆకాశపు రొద దాన్ని సున్నా కిందికి కూడా తోసేస్తుంది. ఆ మైనస్ అంకెలను తప్పనుకుని కొట్టేస్తే సగటు దొంగతనంగా పెరిగిపోతుంది, కాబట్టి వాటిని అలాగే ఉంచాలి. పై నాలుగింటి సగటు 18, అనిశ్చితి సగానికి తగ్గి 8. అలాంటి రాత్రులు ఎనిమిది కలిపితే అనిశ్చితి 3 దాకా దిగుతుంది. అప్పుడు గానీ, అవును, అక్కడ ఏదో వెలుగుతోందని ధైర్యంగా చెప్పలేము.

ఇందులో రెండు చిన్న విషయాలు ఎవరూ ముందుగా చెప్పరు. మాగ్నిట్యూడ్ లాగరిథమ్ కొలత కాబట్టి సగటు తీయవలసింది ముందు వెలుగుకు. మాగ్నిట్యూడ్‌లోకి మార్చడం ఆఖరున. రెండోది, సూపర్‌నోవా పేలకముందు, అంటే 2019 నాటి చిత్రాల్లో అదే బిందువు దగ్గర సగటు సున్నా రావాలి. నాకు రాలేదు, కొన్ని మైక్రోజాన్‌స్కీలు ఎక్కువ వచ్చింది. ఆ తేడాను మొత్తం వరుసల నుంచి తీసివేయాలి. ప్లాటో దశలో, అంటే వెలుగు ఒకే మట్టంలో నిలిచిన రోజుల్లో, 300 ముందు ఆ తేడా లెక్కలోకి రాదు. కానీ ఆ మట్టం కూలాక మిగిలే తోకలో వెలుగే 18 అయినప్పుడు నాలుగు తేడా వస్తే ఇంధనం లెక్క అయిదో వంతు మారిపోతుంది. పౌర్ణమి దగ్గరి రాత్రులకు అనిశ్చితి ఎక్కువ కాబట్టి వాటికి తూకం తగ్గించి సగటు వేశాను.

నా లాప్‌టాప్ అక్క వాడి ఇచ్చినది, నాలుగు జీబీ ర్యామ్. పైథాన్ తెరిచి బ్రౌజరు తెరిస్తే రెండింటిలో ఒకటి చచ్చిపోయేది. గూగుల్ కొలాబ్‌లోకి మారాక ఆ బాధ తప్పింది, అదీ ఉచితమే. ఫోన్ డేటా ప్యాకు మాత్రం నెలకు పెద్దది వేయించుకోవలసి వచ్చింది. ఫిబ్రవరి 20 నాటికి మొదటి లైట్ కర్వ్ (రోజులతో వెలుగు మారే గ్రాఫు) వచ్చింది: ఎడమ నుంచి కుడికి బల్లపరుపుగా సాగి, జూన్‌లో నిట్టనిలువుగా పడి, తర్వాత ఏటవాలుగా దిగిపోయే గీత. సార్‌కు చూపించాలని మధ్యాహ్నం ఎండలో విభాగానికి పరుగెత్తాను.

ఆయన మెచ్చుకున్నారు గానీ వెంటనే అనుమానం పెట్టారు. "సూపర్‌నోవా వెలుగుకు ఇంధనం రేడియోధార్మిక నికెల్-56 అని రాసినావు. నికెల్ సగం ఆరు రోజుల్లో కోబాల్ట్ అయిపోతుంది, కోబాల్ట్ సగం 77 రోజుల్లో ఇనుమైపోతుంది. రెండూ తగ్గేవే. మరి నీ గీత నాలుగు నెలలు తగ్గకుండా ఎట్ల నిలబడింది?" దీనికి జవాబు వెదకడానికి మార్చి మొదటి వారం దాకా పట్టింది. నా ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజులవే.

ప్లాటో దశ నికెల్‌తో నడవదు. నక్షత్రం గుండె కూలినప్పుడు పుట్టిన షాక్ తరంగం హైడ్రోజన్ కవచం గుండా బయటికి వస్తూ దాన్ని వేడెక్కించి అయనీకరిస్తుంది. అయనీకరించిన హైడ్రోజన్‌లో విడి ఎలక్ట్రాన్లు కాంతిని అడుగడుగునా మళ్ళిస్తాయి కాబట్టి వేడి లోపలే చిక్కుకుంటుంది. కవచం వ్యాకోచిస్తూ పైపొర ఐదారువేల కెల్విన్లకు చల్లబడగానే ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో తిరిగి కలుస్తాయి, ఆ పొర పారదర్శకమైపోతుంది, లోపల చిక్కిన వేడి అక్కడి నుంచి బయటపడుతుంది. చలికాలం తెల్లవారుజామున పొగమంచు అంచు నుంచి విడుతూ వచ్చినట్లు ఈ సరిహద్దు బయటి నుంచి లోపలికి పొర తర్వాత పొరను విప్పుకుంటూ పోతుంది. సరిహద్దు ఉష్ణోగ్రత ఎప్పుడూ హైడ్రోజన్ కలిసే ఉష్ణోగ్రతే, వ్యాసార్థం పెద్దగా మారదు. అందుకే వెలుగు బల్లపరుపుగా ఉంటుంది. కవచం మొత్తం విడిపోయిన రోజు గీత కూలిపోతుంది.

ఇక్కడే నా ప్రాజెక్టు మొత్తంలో చెప్పవలసిన మాట ఉంది: ఇది ఎక్కువ కాలం వెలిగింది శక్తి ఎక్కువై కాదు, తక్కువై. పేలుడు బలహీనమైతే కవచం నెమ్మదిగా వ్యాకోచిస్తుంది, నెమ్మదిగా చల్లబడుతుంది, వేడి నెమ్మదిగా కారుతుంది. ప్లాటో చివరి నాటి వర్ణపటాల్లో దీని పదార్థం వేగం సెకనుకు 1,500 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంది. ఈ రకం సూపర్‌నోవాలకు అది చాలా తక్కువ. 1993లో పొపోవ్ ఇచ్చిన సూత్రాల ప్రకారం ద్రవ్యరాశి, వ్యాసార్థం మార్చకుండా పేలుడు శక్తిని పదో వంతుకు తగ్గిస్తే ప్లాటో కాలం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, వెలుగు సుమారు ఏడో వంతుకు పడిపోతుంది. కాలం శక్తికి విలోమంగా ఆరో మూలంతోను, వెలుగు శక్తికి ఆరింట ఐదో ఘాతంతోను మారుతాయి, అంతే లెక్క. మసకదనం, దీర్ఘాయువు రెండూ ఒకే కారణానికి పిల్లలన్నమాట. ఈ పేజీ రాసిన రాత్రి హాస్టల్లో కరెంటు పోయింది. మేడ మీదికి వెళ్ళి చాలాసేపు నడిచాను, నిద్ర రాలేదు.

మరి నికెల్ ఎక్కడ పని చేస్తుంది? తోకలో. ప్లాటో కూలాక మిగిలే వెలుగుకు ఆధారం కోబాల్ట్-56 క్షయం ఒక్కటే. ఆ క్షయంలో పుట్టే గామా కిరణాలన్నీ లోపలే చిక్కుకుంటే తోక వంద రోజులకు 0.98 మాగ్నిట్యూడ్ చొప్పున దిగాలి. నా తోకలో అనిశ్చితి ఎక్కువైనా వాలు దానికి సరిపోయింది. అలా సరిపోవడం వల్లనే మాగ్నెటార్‌ను, చుట్టుపక్కల వాయువుతో ఢీని పక్కన పెట్టగలిగాను. అవి ఉంటే తోకకు ఆ వాలే రావాలన్న నియమం లేదు. ఇక తోక ఎత్తు నికెల్ ఎంత పుట్టిందో చెబుతుంది. 1987 ఫిబ్రవరి 23న కనిపించిన ఎస్ఎన్ 1987ఏలో పుట్టిన నికెల్ సుమారు 0.07 సూర్య ద్రవ్యరాశులు అని బాగా తెలుసు. పేలి అన్నే రోజులైనప్పుడు దాని వెలుగుతో దీని వెలుగును పోల్చి నిష్పత్తి తీస్తే నాకు 0.003 దగ్గర వచ్చింది. మన భూమి లాంటివి ఒక వెయ్యి కలిపితే అంత బరువు. విశ్వంలో చాలా తక్కువే గానీ, పేలిన 150వ రోజున కూడా ముప్పై లక్షల సూర్యుల వెలుగు ఇవ్వడానికి అది చాలింది. అదే నికెల్ ప్లాటో మధ్యలో ఎంత ఇస్తోందో వెనక్కి లెక్కవేస్తే మొత్తం వెలుగులో ఐదో వంతుకు, ఆరో వంతుకు మధ్య తేలింది. సార్ అడిగిన ప్రశ్నకు అంకెతో జవాబు అలా దొరికింది. మార్చి ఆఖరు గడువు దాటిపోకముందే గ్రాఫు, సంఖ్య రెండూ ఆయన బల్ల మీద పెట్టాను. గాజు ప్రస్తావన మళ్ళీ రాలేదు.

ఉగాది అయ్యాక, ఏప్రిల్ మొదటి వారంలో, బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో సూపర్‌నోవాల మీద పనిచేసే ఒకరు అరగంట సమయం ఇస్తామంటే వెళ్ళాను. ఆయనకు మెయిలు పెట్టిన మూడు వారాలకు జవాబు వచ్చింది, కాబట్టి జవాబు రాలేదని వెంటనే నిరాశపడవద్దు. తెల్లవారకముందే బస్సెక్కి రాత్రికి తిరిగి వచ్చాను. టికెట్లు, ఆటోలు, భోజనం కలిపి వెయ్యి దాటింది. ఆయన నా గ్రాఫును అర నిమిషం చూసి, తోక మీద వేలు పెట్టి, "ఇది ఆరెంజ్ ఫిల్టరు కదా, ఇందులో హైడ్రోజన్ ఆల్ఫా రేఖ పడుతుంది, తోకలో వెలుగు చాలా వరకు అలాంటి రేఖల్లోనే ఉంటుంది. ఒక్క ఫిల్టరును చూసి మొత్తం వెలుగు ఇంత అని ఎలా అంటారు?" అని అడిగారు. అట్లాస్ ఆరెంజ్ ఫిల్టరు 560 నుంచి 820 నానోమీటర్ల దాకా తీసుకుంటుంది, ఆ రేఖ 656 దగ్గర, ఆ అవధి లోపలే ఉంది. తర్వాత రెండు వారాలు జ్వికీ వారి ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్ల కొలతలు కూడా కలిపి, దీనిలాగే మసకగా పేలిన ఎస్ఎన్ 2005సీఎస్ తోకలోని రంగులతో పోల్చి, మళ్ళీ లెక్కవేశాను. అనంతపురంలో అప్పటికి ఎండలు నలభై దాటాయి. మధ్యాహ్నం లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయేది కాబట్టి పని తెల్లవారుజాముకు మార్చుకున్నాను.

అన్నిటికంటే పెద్ద అనిశ్చితి మాత్రం నేను ఇన్నాళ్ళు అరగదీసిన అంకెల్లో లేదు, గెలాక్సీ దూరంలో ఉంది. 22 మెగాపార్సెక్‌లకు అటూ ఇటూ 3. వెలుగు దూరం వర్గంతో మారుతుంది కాబట్టి ఆ ఒక్క తేడాతోనే నికెల్ 0.0022 నుంచి 0.0039 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఎనిమిది రాత్రులు కలిపి సాధించిన పొదుపంతా ఆ మూడు మెగాపార్సెక్‌ల ముందు వెలవెలబోయింది. ఇది తెలిసిన రోజు నవ్వొచ్చింది, కాస్త ఒళ్ళు మండింది కూడా.

ప్రాజెక్టు చివరి అధ్యాయం, అసలు ఏ నక్షత్రం ఇలా పేలుతుందన్నది. 1997లో కనిపించిన ఎస్ఎన్ 1997డీ మీద మొదలైన పాత తగువు ఇది: సూర్యుడికి పాతిక రెట్లకు పైగా బరువున్న నక్షత్రం పేలి, నికెల్ చాలావరకు వెనక్కి పడి కృష్ణబిలంలో కలిసిపోయిందని ఒక పక్షం, ఎనిమిది నుంచి పన్నెండు రెట్ల చిన్న నక్షత్రం బలహీనంగా పేలిందని ఇంకో పక్షం. 2005సీఎస్ విషయంలో హబుల్ తీసిన పాత చిత్రాల్లో పేలకముందటి నక్షత్రమే దొరికింది, సుమారు తొమ్మిది రెట్ల రెడ్ సూపర్‌జెయింట్ అది. దాంతో మొగ్గు రెండో పక్షానికి వచ్చింది. అక్కడి నుంచి కొత్త తగువు: ఆ చిన్న నక్షత్రం గుండె ఇనుమై కూలిందా, లేక ఇనుము దాకా పోకుండానే ఆక్సిజన్, నియాన్, మెగ్నీషియం గుండెలో ఎలక్ట్రాన్లను కేంద్రకాలు మింగేయడంతో ఒత్తిడి తగ్గి కూలిందా? గుండె బరువుకు చంద్రశేఖర్ చెప్పిన అవధి దగ్గర దాన్ని నిలబెట్టేది ఆ ఎలక్ట్రాన్ల ఒత్తిడే కాబట్టి, అవి పోతే గుండె నిలవదు. 2020సీఎక్స్‌డీ ఈ రెండో రకానికి, అంటే ఎలక్ట్రాన్ క్యాప్చర్‌కు, ఉదాహరణ కావచ్చా అన్నది ఒక ప్రశ్న; తొమ్మిది రెట్ల నక్షత్రం ఇనుప గుండె కూలినా, శక్తి చాలా తక్కువైతే ఇదే లైట్ కర్వ్ వస్తుందని 2022లో కొజిరేవా బృందం చూపించింది. నా సంఖ్య రెండింటికీ సరిపోతుంది. నాకు ఇనుప గుండె కూలడమే నచ్చింది, ఎందుకంటే మామూలు కూలుడుతో పని జరుగుతున్నప్పుడు అరుదైనదాన్ని పిలవడం దేనికి? ఇది నా మొగ్గు మాత్రమేనని రిపోర్టులో కూడా అలాగే రాశాను.

ఏప్రిల్ 28న రిపోర్టు ప్రింటుకు వెళ్ళింది. కాపీ కొట్టలేదని నిరూపించే సాఫ్ట్‌వేరు తనిఖీలో సూత్రాలు, అర్ధాయువుల వాక్యాలు ఎర్రగా వచ్చాయి. నికెల్ అర్ధాయువు ఎవరు రాసినా ఒకటే కదా అంటే వినేవారు లేరు, వాక్యాలు తిప్పి రాయాలి. రంగు పేజీలు పది రూపాయల చొప్పున, నల్లటి రెగ్జిన్ బైండింగు కాపీకి మూడువందల దాకా, బంగారు అక్షరాలు అదనం. నాలుగు కాపీలకు రెండు వేలు చేరింది. కాస్త డబ్బు మిగుల్చుకోవాలంటే గ్రాఫులను నలుపు తెలుపుల్లో కూడా తెలిసేలా గీయండి, చుక్కలకు వేర్వేరు ఆకారాలు పెట్టండి.

వైవాకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ గాజుల మీద పనిచేసేవారు. ముందు "నువ్వు టెలిస్కోపు ముట్టుకున్నావా?" అన్నారు. లేదు మేడమ్ అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. తర్వాత నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అడిగారు: "118 రోజులు వెలిగిందంటే పేలుడు గట్టిదన్నమాటే కదా?" బోర్డు మీద పొపోవ్ సూత్రాలు రాసి, శక్తిని పదో వంతు చేసి, కాలం పెరగడం, వెలుగు తగ్గడం చూపించాను. ఆమె సుద్దముక్క అడిగి తీసుకుని వ్యాసార్థాన్ని రెట్టింపు చేస్తే ఏమవుతుందని అడిగారు. వెలుగు పెరుగుతుంది, కాలం కొంచెమే పెరుగుతుంది అని లెక్క చేసి చెప్పాను. "అయితే నీరసానికి చిన్న నక్షత్రమూ కారణం కావచ్చు, చిన్న శక్తి ఒక్కటే అని ఎలా అంటావు?" వేగం, మేడమ్, వ్యాసార్థం తగ్గినంత మాత్రాన పదార్థం సెకనుకు 1,500 కిలోమీటర్లకు నెమ్మదించదు, అది శక్తి వల్లనే అన్నాను. మా సార్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు గానీ, నవ్వుతున్నారని భుజాలు చెప్పాయి.

ఆమె ఒక్క మార్పు కోరారు: దూరం వల్ల వచ్చే అనిశ్చితిని సారాంశంలో మొదటి పేరాలోనే రాయాలని. నాలుగు కాపీల్లో రెండింటికి ఆ పేజీ మార్చి బైండింగు విప్పించి వేయించడానికి ఇంకో ఐదువందలు. మే 19న ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఫలితాలు జూలైలో వచ్చాయి. అంకెల ఫైళ్ళు, ప్రోగ్రాము విభాగం కంప్యూటరులో పెట్టి ఉంచాను. 2021ఏఏఐ అనే ఇంకో మసక సూపర్‌నోవా ప్లాటో దాదాపు 140 రోజులు సాగింది. దాని మీద చేస్తానని ఒక జూనియర్ సార్ దగ్గర ఇప్పటికే పేరిచ్చింది.